మూడూ నలభై అయిదుకి మూల దగ్గర

"సంతకం పెట్టు చాలు. మిగతాదంతా నేనే రాసేశాను."

ఆడపడుచు కాగితాన్ని టీ కప్పుల మధ్యలోంచి కోడలి ముందుకు జరిపింది. గీతల కాగితం, మార్జిన్ వదిలి, తేదీ కుడివైపున వేసి ఉంది. ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేసి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి ఆవిడ. కోడలి ఉద్యోగానికి తను రాసిన రాజీనామా ఉత్తరంలో కూడా ఒక్క కొట్టివేత లేదు.

కోడలు చదివింది. "కుటుంబ కారణాల వలన అని రాశారు."

"మరి? నాన్న నిన్న రెండు గంటలు రోడ్లమీద పడితే అది కుటుంబ కారణం కాదా?"

నిన్న సాయంత్రం నుంచి కోడలు తనను తాను తిట్టుకున్నన్ని తిట్లు ఆడపడుచుకి కూడా రావు. పెద్దవాళ్ళను పగలంతా చూసుకునే సెంటరు వ్యాను రోజూ మామగారిని మూడూ నలభై అయిదుకి వీధి మూల దగ్గర దింపుతుంది. ఆయనకి జ్ఞాపకం తప్పుతోంది. మూల నుంచి ఇల్లు నాలుగు అడుగులే అయినా ఆ నాలుగూ ఎటువైపో ఆయనకి తెలియదు. ఏడాదిగా కోడలు మూడున్నరకల్లా ఆఫీసు నుంచి బయటపడి ఆ మూల దగ్గర నిలబడుతోంది. నిన్న ఆమె లేదు. "అదిగో, మా కోడలు ఆ కొట్లో ఉంది" అని కొత్త డ్రైవరుని నమ్మించి ఆయన దిగిపోయాడు.

వెతగ్గా వెతగ్గా మూడు వీధుల అవతల ఒక టైలరు షాపులో దొరికాడు. ఖాళీగా ఉన్న మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటుకి అంచు కుడుతున్నాడు. నలభై ఏళ్ళు టైలరుగా బతికిన చేతులవి. కుట్టు ఎక్కడా వంకర పోలేదని షాపువాడు మెచ్చుకున్నాడు కూడా.

"దొరికాడు కదక్కా, ఇంక వదిలెయ్," అన్నాడు కోడలి భర్త, కప్పులోకి చూస్తూ.

అతను డ్రైవింగు స్కూల్లో నేర్పేవాడు. పక్క సీట్లో కూర్చుని, ప్రమాదం అనిపించినప్పుడు తన వైపున్న బ్రేకు తొక్కడం అతని ఉద్యోగం. ఇంట్లో కూడా అంతే. స్టీరింగు ముట్టుకోడు, బ్రేకు మాత్రం వదలడు.

"దొరక్కపోతే ఏం చేసేవాడివిరా?" అంది అక్క. "నేనుండేది బస్సులో గంట దూరం. ఈ మోకాళ్ళతో రోజూ రాలేను. నీకు క్లాసులు. ఇంక మిగిలింది ఈ అమ్మాయే."

"లెక్క ఎటునుంచి వేసినా మిగిలేది నేనే వదినా," అంది కోడలు.

"ఎత్తిపొడుపులొద్దు. నువ్వు మంచిదానివి కాదని నేనన్నానా? రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు, నిన్న ఒకటి జారింది. అంతే."

కోడలు భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మూడున్నర నుంచి ఒక్క అరగంట మీకు కుదరదా? వారంలో రెండు రోజులైనా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఆ టైములో క్లాసులుంటాయి. నేర్చుకునేవాణ్ణి నడిరోడ్డు మీద దింపేసి రమ్మంటావా?"

ఆమెకి ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసులో కొత్త పని ఒకటి ఆమె కోసం కాచుకుని ఉంది. ఎనిమిది అంతస్తుల ఆసుపత్రి, పద్నాలుగు లిఫ్టులు. వాటి బాగోగులన్నీ ఆమె చేతికి అప్పగిస్తానని మేనేజరు అన్నాడు. రోజూ అయిదుదాకా ఉండాలి. ఈవేళ మధ్యాహ్నం మూడూ నలభై అయిదుకి జవాబు చెప్పాలి. ఆ మాట ఇంట్లో చెబితే, ఇదా సందర్భం అంటారు. అందుకని మింగేసింది.

మామగారు గదిలోంచి వచ్చాడు. చొక్కా గుండీలు, కాలరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏం మరిచిపోయినా బట్టలు మరిచిపోడు. కోడలి దగ్గర ఆగి, ఒక కన్ను మూసి చూశాడు.

"అమ్మా, నీ ఎడమ భుజం అరంగుళం దిగింది. బ్యాగు ఎప్పుడూ అటే వేస్తావు."

"సాయంత్రం కొలత తీద్దురు గాని మామయ్యా. టేపు పెట్టుకున్నారా?"

ఆయన జేబు తడుముకుని తల ఊపాడు. ఇది వాళ్ళిద్దరికీ మామూలు మాట. సాయంత్రం వ్యాను మెట్టు మీద ఆయన మొరాయిస్తే, ఆమె కింద నిలబడి ఎడమ భుజం కాస్త వంచి "ఇది చూడండి మామయ్యా" అంటుంది. వంకర భుజం చూసి ఊరుకోలేక ఆయన టేపు తీసి దిగుతాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ ఉపాయం తప్పలేదు. అది ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

"ఈవేళ మూల దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడాయన అందరినీ చూస్తూ.

భర్త కప్పు కింద పెట్టాడు. కోడలు కాగితం వైపు చూసింది.

"ఈవేళ నేనొస్తాను నాన్నా," అంది ఆడపడుచు చివరికి. "రేపటి నుంచి నీ కోడలే, ఏ తొందరా లేకుండా."

కోడలు ఉత్తరం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. సంతకం పెట్టలేదు. "సాయంత్రం చెప్తాను," అని చెప్పులు తొడుక్కుంది.

* * *

ఆఫీసులో ఆమెను కోడలు అనేవాళ్ళు లేరు, మేడమ్ అంటారు. మనకి మాత్రం ఆమె కోడలే. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఏ లిఫ్టు దగ్గరికి ఏ మెకానిక్ ఎన్నింటికి వెళ్ళాలో తొమ్మిదేళ్ళుగా ఆమె చెబుతోంది. ఆమె చెప్పిన టైము తప్పిందని ఇంతవరకు ఫిర్యాదు రాలేదు. అలాంటిది నిన్న తన టైమే ఎలా తప్పింది?

రోజూ మూడున్నరకి ఫోనులో మోగే అలారం నిన్న మోగలేదు. అది మాత్రం ఆమెకి గట్టిగా గుర్తుంది. మూడింటికి మొదలైన మీటింగులో ఆసుపత్రి వాళ్ళతో వాదిస్తూ, అలారం మోగలేదు కాబట్టి ఇంకా మూడున్నర కాలేదనే ధీమాతో కూర్చుంది. గోడ గడియారం చూసేసరికి నాలుగూ అయిదు.

కంప్యూటరు తెరిచి, ఆఫీసు మెయిల్లో ఆ అలారం మోగించే తన క్యాలెండరు తీసింది. ప్రతిరోజూ మూడున్నర గడిలో "మామయ్య" అని ఉండాలి. నిన్నటి గడిలో లేదు. మామయ్య అయిదింటి గడిలో ఉన్నాడు. నొక్కి చూస్తే, ఎవరు మార్చారో కూడా రాసి ఉంది.

పక్క వరసలోని కుర్రవాడు. మీటింగులన్నీ కుదిర్చేది అతనే. అందరి వేళలూ అటూ ఇటూ జరుపుతుంటాడని అతనికి సర్దుబాటు అని పేరు పడింది.

"నిన్న మా మామయ్యని అయిదింటికి జరిపింది నువ్వేనా?"

"అవును మేడమ్. ఆసుపత్రి వాళ్ళు మూడు నుంచి నాలుగు దాకా తప్ప కుదరదన్నారు. చూస్తే మీకు మామయ్య ఉన్నాడు. కాస్త పక్కకి జరిపాను." నవ్వాడు. "ఏమైనా మీ ధైర్యానికి దండం పెట్టాలి. మేమంతా వారానికోసారి పెట్టుకుంటాం. మీరు ఏకంగా రోజూ పెట్టేశారు!"

"ఏం పెట్టాను?"

"మామయ్యని."

ఈ ఆఫీసులో బంధువులు ఎలా పుట్టారో ఇక్కడ చెప్పక తప్పదు. అందరూ తమ క్యాలెండర్లు ఒకరితో ఒకరు షేర్ చేసుకోవాలని కిందటేడు మేనేజరు ఉత్తర్వు వేశాడు. అది మొదలు, ఎవరి గడి ఖాళీగా కనబడితే అందులో ఒక మీటింగు వచ్చి పడేది. ఊపిరాడక జనం గడుల్లో చుట్టాలను దింపారు. లెక్కలు చూసే ఆవిడకి సోమవారం పదకొండింటికి పిన్ని వస్తుంది, అంటే టీ. స్టోర్సు ఆయనకి బుధవారం భోజనం తర్వాత తాతయ్య వస్తాడు, అంటే కునుకు. సర్దుబాటుకి శుక్రవారం నాలుగింటికి అత్తయ్య ఉంది. అతనికింకా పెళ్ళే కాలేదు.

ఇవన్నీ కోడలికీ తెలుసు, చూసి నవ్వుకుంది కూడా. తన మామయ్య కూడా ఆ చుట్టాల్లో కలిసిపోయాడని మాత్రం ఆమెకి తట్టలేదు.

"మా మామయ్య ఉన్నారు," అంది.

"అంటే... నిజంగానా?"

"నిజంగా. రోజూ వ్యాను దిగుతారు. నిన్న నేను వెళ్ళలేదు. రెండు గంటలు తప్పిపోయారు."

సర్దుబాటు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. "దొరికారా మేడమ్? ఏం కాలేదు కదా? నేను ఇంటికొచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకుంటే ప్యాంటు పొడవు కొలుస్తారు. ముందు ఇది చెప్పు. నా గడి జరిపే హక్కు నీకెవరిచ్చారు?"

"మీరే," అన్నాడు నెమ్మదిగా. తెరమీద చూపించాడు. షేర్ చేసేటప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి, ఖాళీ ఉందా లేదా అన్నది మాత్రమే కనబడుతుంది. రెండు, ఏం పనో కూడా కనబడుతుంది. మూడు, ఎదుటివాళ్ళు మార్చుకోవచ్చు కూడా. ఏడాది కింద, మూడున్నరకి పరుగు పెట్టే తొందరలో, ఆమె మూడోది నొక్కి వెళ్ళిపోయింది.

ఇంక ఎవర్ని అంటుంది? తాళం తీసి ఇచ్చింది తనే. ఆమెకి సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చుంటే బ్యాగులో ఉత్తరం గెలుస్తుంది.

"నాది మొదటిదానికి మార్చు. ఇంకో సంగతి. బయటివాళ్ళ క్యాలెండరు నాకు ఇక్కడ కనబడుతుందా?"

"వాళ్ళు షేర్ చేస్తే కనబడుతుంది మేడమ్."

ఆమె భర్తకి ఫోను చేసింది.

"మీ స్కూలువాళ్ళు మీ క్లాసులన్నీ క్యాలెండర్లోనే వేస్తారు కదా. అది నాకు షేర్ చెయ్యండి."

"ఎందుకిప్పుడు?"

"మీకు ఎప్పుడు ఖాళీ లేదో తెలిస్తే, అప్పుడు అడగడం మానేస్తాను."

అతనికి ఆ మాట నచ్చినట్టుంది. "అక్క ఉత్తరం సంగతేం చేశావు?"

"బ్యాగులోనే ఉంది."

"సరే, పంపుతున్నాను. ఎక్కడ నొక్కాలి? ఆఁ, ఇదేదో ఉంది. అయిపోయింది." పెట్టేశాడు.

భర్త వారమంతా తెరమీద పరుచుకుంది. సర్దుబాటు తొంగి చూసి, "సార్ కూడా మీలాగే మూడోది నొక్కారు," అన్నాడు.

పొద్దున క్లాసులు, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం అయిదు నుంచి మళ్ళీ క్లాసులు. మధ్యలో, మూడు నుంచి నాలుగున్నర దాకా, రోజూ ఒకే పట్టీ. డ్రైవింగు స్కూలువాళ్ళే వేసింది. "పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. క్లాసులు లేవు."

ఆమె వెనక్కి జరిపి చూసింది. పోయిన నెల, ఆ ముందు నెల, కిందటేడు. అన్నిట్లోనూ క్లాసులు లేవు.

"నేను టీకి వెళ్ళొస్తాను మేడమ్," అన్నాడు సర్దుబాటు.

"పిన్ని కాసేపు ఆగుతుంది. కూర్చో."

ముందు నవ్వొచ్చింది ఆమెకి. ఏడాదిపాటు బస్సు వెంట పరుగులు, మేనేజరు ముందు బతిమాలడాలు, వానలో ఆ మూల దగ్గర తడిసిన రోజులు. ఆ వేళకి భర్త కారు నీడన ఆపుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత కష్టమైన పనేం కాదు కదా, ఎందుకు అబద్ధం చెప్పాలి? కానీ మూడు కావస్తోంది, ఏడుపుకి ఖాళీ గడి లేదు.

మూడోది నొక్కాడు కాబట్టి అతని క్యాలెండర్లో రాసే హక్కు ఆమెకుంది. రాసింది. "మామయ్య. వీధి మూల. 3.45." ఎన్నాళ్ళు అన్నచోట రోజూ అని పెట్టింది. ఎప్పటిదాకా అన్నచోట ఏమీ పెట్టలేదు. సేవ్ చేసింది.

రెండు నిమిషాలకి ఆ గడి మాయమైంది.

"తీసేశారు," అన్నాడు సర్దుబాటు, గుసగుసగా.

ఆమె మళ్ళీ రాసింది. ఈసారి అది మాయం కాలేదు. వాళ్ళు చూస్తుండగానే జరిగి అయిదింటి మీద వాలింది.

"అచ్చం నేను జరిపినట్టే," అని సర్దుబాటు తల దించుకున్నాడు.

ఫోను మోగలేదు. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళు ఇంత గట్టిగా ఎప్పుడూ పోట్లాడుకోలేదు. నోరు విప్పకుండా అసలే పోట్లాడుకోలేదు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. అయిదింటి గడిలో ఉన్నదాన్ని తుడిచేసి, మూడూ నలభై అయిదు దగ్గర కొత్తగా రాసింది. మామయ్య అని రాయలేదు.

"మీ నాన్న. వీధి మూల."

సేవ్ చేసింది. ఒక నిమిషం, రెండు, అయిదు. ఆ గడి కదల్లేదు.

ఆమె ఆడపడుచుకి ఫోను చేసింది. "వదినా, మూల దగ్గరికి బయల్దేరారా?"

"చెప్పులేసుకుంటున్నాను. సంతకం పెట్టావా?"

"మీరు వెళ్ళండి. కానీ మూలమీద కాదు, రోడ్డుకి ఇవతల నిలబడండి. మీ తమ్ముడు వస్తారో రారో మీ కళ్ళతో చూడండి. రాకపోతే మామయ్యని మీరు దింపుకోండి."

"వాడెలా వస్తాడే? క్లాసులున్నాయిగా?"

"లేవు. ఏడాదిగా ఆ టైములో లేవు."

అవతల చెప్పుల చప్పుడు ఆగింది. బళ్ళో పిల్లల అబద్ధాలు ముప్ఫై ఏళ్ళు పట్టుకున్న మనిషి. సొంత తమ్ముడిది పట్టుకోలేకపోయింది.

"గొడుగు తీసుకుంటున్నాను," అంది ఆవిడ. "ఎండ కోసం కాదు." ఫోను పెట్టేసింది.

* * *

మేనేజరు గదిలో గడియారం మూడూ నలభై రెండు చూపిస్తోంది.

"ఏం నిర్ణయించుకున్నారు?" అన్నాడాయన. "మీరైతే నాకు నిశ్చింత. కాదంటే వేరేవాళ్ళని చూసుకోవాలి. రోజూ అయిదుదాకా ఉండాలి, అది ముందే చెప్పాను."

"ఉంటాను. ఆసుపత్రి నేనే చూసుకుంటాను," అంది కోడలు. అనేశాక మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

బల్లమీద ఫోను మోగింది. ఆడపడుచు. ఆమె మేనేజరు వైపు చూసి, చెయ్యెత్తి ఒక్క నిమిషం అన్నట్టు చూపించి, తీసింది.

"వ్యాను వచ్చింది," అంది ఆడపడుచు. రొప్పుతోంది.

"మూల దగ్గర ఎవరున్నారు వదినా?"

"వాడున్నాడు. వచ్చాడు. కానీ నాన్న దిగనంటున్నాడే! మెట్టు మీద నిలబడి, వీడెవడో నాకు తెలీదు, మా కోడలేది అంటున్నాడు. నేను రోడ్డు దాటి వచ్చి పిలిచినా వినడం లేదు. నిన్న ఎవరూ లేకపోతే దిగిపోయిన మనిషి, ఈవేళ కొడుకొస్తే దిగనంటున్నాడు. డ్రైవరు కసురుకుంటున్నాడు. నువ్వు బయల్దేరు. ఇది వీడి వల్ల అయ్యేది కాదు."

కోడలు లేచింది. ఏడాది అలవాటు. బ్యాగు దానంతటదే ఎడమ భుజం మీదికి వచ్చేసింది. బ్యాగులో ఉత్తరం ఉంది. తలుపు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఇప్పుడు వెళితే రేపూ వెళ్ళాలి, ఎల్లుండీ వెళ్ళాలి. అది ఆమెకి ఎంత బాగా తెలుసో, మెట్టు మీద ముసలాయన భయపడుతున్నాడన్నదీ అంత బాగా తెలుసు.

బ్యాగు తీసి కుర్చీ మీద పెట్టి, మళ్ళీ కూర్చుంది.

"ఫోను మీ తమ్ముడికివ్వండి."

చేతులు మారిన చప్పుడు. వ్యాను ఇంజను. ఎవరిదో హారను.

"విన్నావుగా," అన్నాడు భర్త. "నన్ను గుర్తుపట్టడం లేదు. మా నాన్న నన్ను గుర్తుపట్టడం లేదు. నా వల్ల కాదు, నువ్వు రా."

"రాను. నన్ను కూడా రోజూ గుర్తుపట్టరు. ఆయన్ని ఎలా దింపాలో చెప్తాను, వింటారా?"

వెనక ముసలాయన గొంతు వినబడుతోంది, చిన్నపిల్లాడిలా. మా కోడలేది, మా కోడలేది అంటున్నాడు. డ్రైవరు ఇంకోసారి హారను కొట్టాడు. మేనేజరు పెన్ను కింద పెట్టి ఆమెనే చూస్తున్నాడు.

"చెప్పు," అన్నాడు భర్త.

"ఆయనకి ఎదురుగా నిలబడండి. ఇప్పుడు మీ ఎడమ భుజం అరంగుళం కిందికి వంచండి."